చల్లని నీటికీ లెక్క ఉంది

అసర్ నమాజు ముగించుకుని మేము తరచూ చెరువు కట్ట వైపు నడుస్తూ ఉంటాం. బద్వేలు ఎండ సంగతి ఇక్కడివారికి ఒకరు చెప్పనవసరం లేదు. మధ్యాహ్నమంతా వీధులు కాగి ఉంటాయి, ఇంటి గోడలు వేడిని వదలవు. అసర్ దాటి కాసేపయ్యాక గానీ మనిషికి బయటికి రావాలనిపించదు. అప్పుడు కట్ట ఎక్కితే నీటి మీదుగా వచ్చే గాలి ముఖానికి తగులుతుంది. పడమట లంకమల కొండల వెనక్కి సూర్యుడు దిగుతుంటాడు. తుమ్మచెట్ల మీద కొంగలు చేరుతుంటాయి. గేదెలు మెడవరకూ నీటిలో కూర్చుని, వాటిని తోలుకుపోవడానికి వచ్చిన పిల్లవాణ్ణి లక్ష్యపెట్టక అలాగే ఉంటాయి. ఒక మనిషి రోజంతా మోసిన బరువు దిగిపోవడానికి ఈ పావుగంట చాలు. నాలుకపై కాస్త దైవస్మరణ కూడా ఉంటే ఇంక చెప్పేదేముంది!

ఇలా నడవడం ధర్మంలో తప్పేమీ కాదు. కరుణామయుని దాసులు భూమి మీద వినమ్రంగా నడుస్తారని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది (అల్ ఫుర్ఖాన్: 63). దారిలో కూర్చునే అలవాటున్న సహచరులకు దైవప్రవక్త (స) దారి హక్కులను నేర్పారు. చూపు వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని బోధించి చెడును వారించడం వాటిలో ఉన్నాయి (బుఖారీ, ముస్లిం). చెరువు కట్ట కూడా దారే. అక్కడ కూర్చుని తిన్న పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ గ్లాసులు అక్కడే వదిలిపెట్టి లేచే మన యువకులు ఈ హదీసును తమకు సంబంధం లేనిదిగా భావిస్తున్నట్టున్నారు. నీటి రేవులను, నడిచే దారిని, నీడను మలినం చేయడం శాపానికి గురిచేసే పనులని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). అయితే ఈ రోజు మేము చెప్పదలచుకున్నది యువకుల గురించి కాదు. మా గురించే.

మొదట ఆ కొంగల సంగతి చెప్పాలి. వాటిని చూసినప్పుడల్లా మాకు హజ్రత్ హాజిరా (అ) గుర్తుకు వస్తారు. హజ్రత్ ఇబ్రాహీం (అ) ఆమెనూ పాలుతాగే బిడ్డనూ నీరు లేని మక్కా లోయలో అల్లాహ్ ఆజ్ఞపై వదిలి వెళ్ళారు. తోలుతిత్తిలోని నీరు అయిపోయింది. సఫా, మర్వా కొండల మధ్య ఆమె ఏడుసార్లు పరుగెత్తారు. అల్లాహ్ జమ్‌జమ్‌ను ప్రసాదించాడు. ఇంతవరకు అందరికీ తెలిసిన వృత్తాంతమే. ఆ తర్వాత జరిగింది మనం అంతగా చెప్పుకోం. జుర్‌హుమ్ తెగవారు అటుగా పోతూ దూరాన ఒక పక్షి గాలిలో చుట్టూ తిరగడం చూశారు. ఈ లోయలో నీరు లేదని మనకు తెలుసే, మరి ఆ పక్షి దేని చుట్టూ తిరుగుతోందని మనిషిని పంపించి చూశారు. నీరుంది, నీటి దగ్గర ఒక స్త్రీ ఉంది. ఇక్కడ దిగడానికి అనుమతిస్తారా అని వారు ఆమెను అడిగారు. ఆమె సరేనన్నారు. అయితే నీటిపై మీకు యాజమాన్యం ఉండదన్న షరతు పెట్టారు. వారు ఒప్పుకున్నారు. (బుఖారీ)

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆమె ఒంటరి స్త్రీ. చంకలో పసిబిడ్డ. కొద్దిసేపటి క్రితం దాహంతో ప్రాణం మీదికి వచ్చినది ఆమెకే. ఆ నీరు ఎంతకాలం ఉంటుందో కూడా అప్పటికి తెలియదు. వచ్చినవారు పరాయి తెగ, గుంపుగా వచ్చారు. అయినా వారిని పొమ్మనలేదు. హక్కు తనదగ్గరే ఉంచుకున్నారు, నీళ్ళు మాత్రం ఇచ్చారు. మక్కా నగరం అలా మొదలైంది.

మన చెరువు సంగతికి వద్దాం. కడప జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అది కూడా కురిస్తే వరుసగా కురిసిపోతుంది, లేకుంటే నెలల తరబడి ముఖం చూపదు. ఆకాశం నుండి నీటిని ఒక పరిమాణం ప్రకారం దింపి నేలలో నిలిపి ఉంచామని, దాన్ని తీసుకుపోయే శక్తి కూడా తమకు ఉందని అల్లాహ్ తెలియజేస్తున్నాడు (అల్ మూమినూన్: 18). ఈ ఆయత్‌కు వ్యాఖ్యానం కావాలంటే రాయలసీమవాడు పుస్తకం తెరవనవసరం లేదు. నిండుగా ఉన్న ఈ చెరువునే చూశాం, అడుగు పగుళ్ళు తేలి పిల్లలు క్రికెట్ ఆడుకున్న ఏడాదీ చూశాం. పరిమాణం మించితే ఏమవుతుందో కూడా ఈ నేలవారికి తెలుసు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ ఊళ్ళను ముంచివేసింది. ఎన్నో ప్రాణాలు పోయాయి. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి శుక్రవారం నాడు వచ్చి అనావృష్టి గురించి మొరపెట్టుకోగా ఆయన చేతులెత్తి వేడుకున్నారు, వాన పడింది. మరుసటి శుక్రవారం దాకా ఆగకుండా పడింది. అప్పుడు ఇళ్ళు కూలుతున్నాయని మొర వచ్చింది. వానను మా మీద కాకుండా మా చుట్టుపక్కల కురిపించమని ఆయన ప్రార్థించారు (బుఖారీ). నీరు కావాలని అడగడం, చాలని అడగడం, రెండూ ఒకే చేతులతో ఒకే ప్రభువును!

అల్లాహ్ దింపిన నీటిని పట్టి నిలపడానికి మనుషులు పడ్డ శ్రమ కూడా ఒకటుంది. బద్వేలుకు ఉత్తరంగా పోరుమామిళ్ళ ఉంది. అక్కడి పెద్ద చెరువు విజయనగర కాలం నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరిని పాలిస్తూ దాన్ని కట్టించాడు. అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. 1369 నాటి శాసనం రాతి మీద ఇప్పటికీ ఉంది. రోజుకు 1,000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ళ పని అని అందులో చెక్కించారు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెప్పారు. కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మెరక ఉండడం, నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఆ ఆరు దోషాలు. సరిహద్దున చెరువు కట్టవద్దని ఆరున్నర శతాబ్దాల క్రితమే రాయించినవాడు నీటి తగవుల రుచి తెలిసినవాడే అయి ఉండాలి!

ఆ కట్టించినవారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని ఆ నీటితో పండిన గింజను మనమూ తిన్నాం. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత చూపనట్టేనని దైవప్రవక్త (స) బోధించారు (అబూదావూద్, తిర్మిజీ). ఆ 1,000 మంది కూలీలలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. వారిలో ఎవరికైనా మనం ఒక్క మంచిమాటయినా చెల్లించామా? ఆ తర్వాతి కాలంలో వచ్చిన తెలుగుగంగ మాటా అంతే. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. శ్రీశైలం దగ్గర తీసుకున్న కృష్ణ నీరు మన ప్రాంతం మీదుగా సోమశిలకు, అక్కడి నుండి కండలేరుకు, చెన్నై దాకా పోయే ఏర్పాటు జరిగింది. దాహంతో ఉన్న ఒక మహానగరానికి పోయే నీరు దాహంతో ఉన్న మన నేలను దాటుకుని పోతుంది. ఆ కాలువ తవ్వకంలో లంకమల అడవిలోని కలివికోడి నివాసానికి ముప్పు వచ్చిందని కాలువ దారిని పక్కకు మళ్ళించారు. ఎప్పుడో అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మన జిల్లాలోనే మళ్ళీ కనబడింది. దాహంతో నాలుక చాచిన కుక్కకు తన తోలు మేజోడుతో నీళ్ళు తోడి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని హదీసు చదివినవాళ్ళం మనం. ఒక పక్షి కోసం కాలువ వంగిందని వింటే మనకు ఆశ్చర్యం కలగకూడదు.

ఇక మా సంగతి.

రెండేళ్ళ క్రితపు వేసవిలో మా వీధిలో చాలా బోర్లు ఎండిపోయాయి. మా ఇంటి బోరులో మాత్రం సన్నటి ధారగానైనా నీరు వస్తూనే ఉంది. చుట్టుపక్కల ఆడవారు ఉదయాన్నే బిందెలతో వచ్చేవారు. మొదటి వారం మాకూ సంతోషంగానే ఉంది. ఉపన్యాసాలలో చెప్పే పుణ్యకార్యం ఇంటి గుమ్మంలోకే వచ్చిందనుకున్నాం. రెండో వారానికి కరెంటు బిల్లు గుర్తుకు వచ్చింది. గేటు దగ్గర బురద, మాటల సందడి, పిల్లల చదువుకు ఆటంకం, మోటారు కాలిపోతుందేమోనన్న భయం. మూడో వారం గేటుకు తాళం వేశాం.

ఆ తాళం వేయడానికి మాకు ఒక ఆధారం కూడా దొరికింది. మదర్సాలో మేము ‘హిదాయా’ చదివిన రోజుల్లో నీటి హక్కుల అధ్యాయం వచ్చింది. అందులో ‘హఖ్ఖె షఫా’ అన్న మాట ఉంటుంది. షఫా అంటే పెదవి. అంటే పెదవుల హక్కు, తాగే హక్కు అన్నమాట. ఒకరి స్థలంలోని బావి నీటిలో సైతం మనుషులకు, పశువులకు తాగే హక్కు ఉంటుంది. అయితే దగ్గరలో ఎవరి సొంతమూ కాని నీరు మరొకటి దొరుకుతుంటే, తన స్థలంలోకి ప్రవేశించకుండా ఆపే అధికారం యజమానికి ఉంటుంది. అలాంటి నీరు లేనప్పుడు మాత్రం రెండే మార్గాలు. తానే నీటిని బయటికి తెచ్చి ఇవ్వాలి, లేదా లోపలికి రానివ్వాలి. మేము ఇందులో మొదటి సగాన్ని పట్టుకున్నాం. మునిసిపాలిటీ ట్యాంకరు వస్తోంది కదా, ఇంక మా మీద బాధ్యత ఏముందనుకున్నాం. ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తుందని, వచ్చినప్పుడు బిందె ఎత్తగలిగే యువతులకే నీళ్ళు దొరుకుతాయని మాకు తెలియనిది కాదు. చదువుకోనివాడు తాళం వేస్తే అది పిసినారితనం. మేము వేసిన తాళానికి అరబీలో పేజీ సంఖ్యతో సహా రుజువు ఉంది!

అదే వారం జుమా ప్రసంగానికి హదీసులు చూసుకుంటుండగా ఒకటి ఎదురైంది. ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడని మనుషులలో, దారి పక్కన తన దగ్గర మిగులు నీరుండి బాటసారికి ఇవ్వనివాడు ఒకడు (బుఖారీ). ఆ పేజీని తిప్పేసి మరో అంశం ఎంచుకున్నాం. ఆ శుక్రవారం వుజూలో నీటిని వృథా చేయరాదన్న విషయం మీద మాట్లాడాం. హజ్రత్ సఅద్ (ర) వుజూ చేస్తుండగా దైవప్రవక్త (స) చూసి ఈ దుబారా ఏమిటని అడిగిన సంఘటన, పారే ఏటి ఒడ్డున ఉన్నా సరే దుబారా దుబారాయేనన్న బోధ (ఇబ్నుమాజా) వివరించాం. ఆయన (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు అటూ ఇటూగా ఉండే నీటితో వుజూ ముగించేవారని (బుఖారీ, ముస్లిం) లెక్క చెప్పాం. మసీదు కుళాయి కింద ఎంత పోతోందో కొలిచి చూడమన్నాం. అందరూ మెచ్చుకున్నారు. చెప్పినదంతా నిజమే. కాని ఆ రోజు ఆ హదీసు అవసరం ఉన్నది వారికి కాదని మాకొక్కరికే తెలుసు.

ఆ మరునాడు అసర్ తర్వాత కట్ట మీదికి వెళ్ళాం. నీరు బాగా వెనక్కి పోయింది. ఒడ్డు నుండి నీటి దాకా గట్టిపడిన బురదలో పశువుల కాలిగుర్తులు. మా వెనుక సందులో ఉండే పెద్దామె రెండు మేకలను నీటికి తోలుకుని వచ్చి, అవి తాగేదాకా అక్కడే గొంతుక్కూర్చుని ఉంది. కొడుకులు బెంగళూరులో కూలిపనికి పోయారు, ఆమె ఒక్కతే ఉంటుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

“ఏం నాయనా, బాగుండావా? పిల్లోళ్ళు బాగుండారా?”

“బాగున్నాం పెద్దమ్మా. నీళ్ళకు రావడం లేదేం?” అన్నాం. ఆ ప్రశ్న మా నోట ఎలా వచ్చిందో మాకే అర్థం కాలేదు.

“యాడ వచ్చేది నాయనా, గేటుకు బీగమేసి ఉండె గదా. నువ్వు ఊర్లో లేవేమో అనుకుంటి.”

ఆమె నిజంగా అలాగే అనుకుందో, మా ముఖం చూసి మాట దాచిందో ఈ రోజు వరకు మాకు తెలియదు. మేము ఊరిలోనే ఉన్నాం. ఐదు పూటలా ఆ సందు మీదుగానే మసీదుకు పోయి వస్తున్నాం. ఆమె మా మోటారు చప్పుడు వినకుండా ఉండే అవకాశం లేదు. ఏమీ బదులు చెప్పలేకపోయాం. మేకలు తాగడం అయిపోయింది. “వస్తా నాయనా, పొద్దు పోతాంది” అని ఆమె వాటిని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

సోదరులారా! ఒకసారి దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర) ముగ్గురూ ఆకలికి తాళలేక ఇళ్ళ నుండి బయటికి వచ్చి ఒకరికొకరు ఎదురయ్యారు. ముగ్గురూ కలిసి ఒక అన్సారీ ఇంటికి వెళ్ళారు. ఆయన ఇంట్లో లేరు, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారు. తిరిగి వచ్చి అతిథులను చూసి మురిసిపోయారు. ఖర్జూరాల గెల తెచ్చి ముందుంచారు, మేకను కోసి వండారు. తిని, నీళ్ళు తాగి తృప్తి చెందాక, ఈ అనుగ్రహం గురించి ప్రళయదినాన మీరు ప్రశ్నించబడతారని ఆయన (స) తన ఇద్దరు సహచరులతో అన్నారు (ముస్లిం). తిర్మిజీ ఉల్లేఖనంలో ఆ అనుగ్రహాల పేర్లు కూడా ఉన్నాయి. చల్లని నీడ, మంచి ఖర్జూరాలు, చల్లని నీరు. ఆకలి ఇళ్ళ నుండి తరిమిన మనుషులకే, ఒక పూట దొరికిన నీడకూ నీటికీ లెక్క ఉంటే, సాయంత్రం పూట గాలి కోసం చెరువు కట్టకు పోయే మాబోటివారి లెక్క ఎంత ఉంటుంది? ఆ గాలికీ లెక్క ఉంటుంది కదా? మేము ఎన్నో ఏళ్ళుగా ఆ కట్ట మీద ప్రశాంతతను అనుభవిస్తున్నాం. ఆ రోజు అదే గాలి వీచింది, అవే కొంగలు వాలాయి. మాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. చీకటిపడే వేళ పిల్లలను ఇళ్ళలోకి పిలుచుకోమని హదీసులో ఉంది (బుఖారీ). కట్ట మీద ఆడుకుంటున్న పిల్లలను లేపి, వారి వెంటే మేమూ దిగి వచ్చి మగ్రిబ్ అందుకున్నాం.

ఆ రాత్రే తాళం తీశాం. ఉదయం వీధిలో ముగ్గురు నలుగురు బిందెలతో వచ్చారు. పెద్దామె రాలేదు. మరునాడూ రాలేదు. రెండు వీధుల అవతల ఎవరింట్లోనో పట్టుకుంటోందని మా ఇంట్లోవారు కనుక్కుని చెప్పారు. అంత దూరం బిందె ఎలా మోస్తోందని అడిగితే, చిన్న బిందెతో నాలుగు తడవలు తిరుగుతోందన్నారు.

మూడో రోజు అసర్ తర్వాత మేము కట్టకు పోలేదు. రెండు బిందెలు నింపి ఒకటి మేమూ, ఒకటి మా ఇంట్లోవారూ పట్టుకుని వెనుక సందుకు వెళ్ళాం. ఏమని చెప్పాలో దారిలో ఒకటి రెండు మాటలు కూర్చుకున్నాం. క్షమించమని అడగాలనే ఉంది. ఆమె వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టి, బిందెల వైపు చూసింది, మా వైపు చూసింది. కూర్చుకున్న మాటలలో ఒకటీ నోటికి రాలేదు.

“అంత దూరం మోసుకొచ్చినారే, కూసోండి కూసోండి” అంటూ లోపలికి పోయి, కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. “ముందు నీళ్ళు తాగండి నాయనా.”

రెండు వీధుల అవతలి నుండి ఆమె మోసుకువచ్చిన నీళ్ళు అవి. బిస్మిల్లాహ్ అని చెంబు అందుకున్నాం. చల్లగా ఉన్నాయి.